తెల్లవారుజామున రైలు కూత ఎందుకు దగ్గరగా వినిపిస్తుంది?

ప్రశ్న: మా ఇంటికి పడమరగా చాలా దూరంలో రైలు మార్గం ఉంది. తెల్లవారుజామున రైలు కూత పక్క వీధిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక అసలు వినిపించదు. సముద్రపు గాలి ఆ మోతను వెనక్కి మోసుకుపోతుందని మా వారు అంటారు. నిజమేనా? కూత ఏ దిక్కునుంచి వస్తోందో చెవికి ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ వారి మాటలో సగం నిజముంది. కూత వేసినప్పుడు అక్కడి గాలి మీ ఇంటిదాకా ప్రయాణించదు. గాలిలోని అణువులు తమ చోటనే అటూ ఇటూ ఊగుతూ పక్కవాటిని నెడతాయి. ఆ ఒత్తిడి మార్పు మాత్రమే, 30 డిగ్రీల వేడిమి వద్ద సెకనుకు సుమారు 349 మీటర్ల వేగంతో ముందుకు సాగుతుంది. ఈ వేగాన్ని మీ నగరంలోనే రెండు శతాబ్దాల క్రితం కొలిచారు. మద్రాసు నక్షత్రశాల ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ 1820, 1821 సంవత్సరాలలో సెయింట్ జార్జి కోటలోనూ, సెయింట్ థామస్ మౌంట్ వద్దా పేల్చిన ఫిరంగుల మెరుపు కనిపించిన క్షణానికీ, మోత వినిపించిన క్షణానికీ మధ్య వ్యవధిని లెక్కించి, ఆ ఫలితాలను 1823లో ప్రచురించాడు. మౌంట్ నుంచి నుంగంబాక్కంలోని నక్షత్రశాలకు సుమారు 9 కిలోమీటర్లు కనుక, మోత చేరడానికి దాదాపు 26 సెకన్లు పట్టేది.

ఇక మీ సందేహానికి వస్తే, ధ్వని వేగం వేడిమితో పాటు పెరుగుతుంది; ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటర్లు. రాత్రంతా చల్లబడిన నేలను ఆనుకున్న గాలి చల్లగానూ, దానిపై పొర కాస్త వెచ్చగానూ ఉన్న వేకువలో, పైభాగాన వేగంగా సాగే ధ్వని తరంగం కిందికి వంగి, ఆకాశంలోకి పోవలసిన మోత కూడా మీ వాకిట్లోకి దిగుతుంది. ఎండ ఎక్కాక ఈ అమరిక తలకిందులై, తరంగం పైకి వంగిపోతుంది. సముద్రపు గాలి చేసేదీ ఇటువంటి పనే. నేలకు దగ్గరగా మెల్లగా, ఎత్తున జోరుగా వీచే ఆ గాలికి ఎదురుగా వచ్చే తరంగం పైకి మళ్లుతుంది. మోసుకుపోవడం అంటూ ఏమీ లేదు. పగటి వాహనాల రొద సంగతి చెప్పనక్కరలేదు.

చెవి పని ఇంతకన్నా చిత్రమైనది. గాలిలోని ధ్వని నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. లోపలి చెవి నిండా ఉన్నది ద్రవమే. అందుకే కర్ణభేరి అందుకున్న కంపనాన్ని మూడు చిన్న ఎముకలు, దానికన్నా ఎంతో చిన్నదైన, లోపలి చెవికి ద్వారంలాంటి అండాకార కిటికీ మీద కేంద్రీకరించి, ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచుతాయి. అక్కడినుంచి కోక్లియా అనే నత్తగుల్ల ఆకారపు గొట్టంలో, కీచు స్వరాలు మొదట్లోనూ, మంద్ర స్వరాలు కొసనూ దాని లోపలి పొరను ఎక్కువగా కదిలిస్తాయి. ఆ కదలికను రోమకణాలు విద్యుత్ సంకేతాలుగా మార్చి నాడికి అందిస్తాయి. పెద్ద మోతలకు ఈ కణాలు చనిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు.

దిక్కు తెలియడానికి రెండు చెవులూ కావాలి. పక్కనుంచి వచ్చే ధ్వని ఒక చెవికన్నా రెండోదానికి గరిష్ఠంగా సెకనులో పదివేలవ వంతులు ఆరేడు మాత్రమే ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడానూ, తల అడ్డుపడటం వల్ల మోతలో వచ్చే తగ్గుదలనూ మెదడు లెక్కవేస్తుంది. సరిగ్గా ఎదురుగానో వెనుకనో ఉన్న ధ్వనికి ఈ తేడా ఉండదు కనుక, అప్పుడు తెలియకుండానే తల తిప్పి చూస్తాం.