ఏడు పిల్లల్లో ఒకటి బక్కగా ఉంటే

ప్రశ్న: మా పిల్లి నిన్న ఏడు పిల్లలను పెట్టింది. ఒకటి 75 గ్రాములే ఉంది. మిగతావి దాన్ని నెట్టేసి పాలు తాగుతున్నాయి. ఆవుపాలు పట్టవచ్చా?

జవాబు: వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే పిల్లి పిల్ల రోజుకు 10 గ్రాములకు తగ్గకుండా పెరగాలి కనుక, గ్రాములు చూపే కాటాపై రోజూ ఒకే వేళకు తూచండి. ఒళ్లు చల్లబడిన పిల్లకు పాలు అరగవు. కాబట్టి గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన ఉంచి మెల్లగా వెచ్చబరచిన తర్వాతే, బలమైన పిల్లలను కాసేపు పక్కకు తీసి (వాటికీ వెచ్చదనం కావాలి సుమా), దీన్ని తల్లి దగ్గర వదలండి. అదీ చాలకపోతే పిల్లి పిల్లల పాలపొడి కలిపి, రెండు మూడు గంటలకోసారి, బోర్లా ఉంచే పట్టాలి. వెల్లకిలా ఉంచితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ఇంత తక్కువ బరువున్న పిల్లను ఈ రోజే పశువైద్యుడికి చూపించడం మంచిది.