బరువు తగ్గలేదు కదా, ఆపరేషన్ ఎందుకు వాయిదా?

ప్రశ్న: మా నాయనకు 62 ఏళ్ళు. పెద్దపేగులో గడ్డ. ఆరు నెలలుగా బరువు 56 కిలోలే, తగ్గలేదు. అయినా తిరుపతి ఆసుపత్రిలో చేతి చుట్టూ టేపు పెట్టి, వెనక చర్మాన్ని పట్టకారులాంటి దాంతో పట్టి చూసి, ‘కండ లేదు, రెండు వారాలు బలం పట్టించి తీసుకురండి’ అన్నారు. చీటీలో చుట్టుకొలత 21 సెం.మీ., చర్మం మడత 8 మి.మీ. అని ఉంది. గడ్డ పెట్టుకుని ఆగొచ్చా? రాగిజావ బాగా ఇస్తున్నాం. పాదాలు కొంచెం వాచాయి.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మీరు చివర్లో రాసిన పాదాల వాపే అసలు సంగతమ్మా. ఒంట్లో చేరిన నీరు కూడా కాటాలో తూగుతుంది. కండ కరిగిపోతున్నా నీరు ఆ లోటు పూడ్చేస్తే అంకె 56 దగ్గరే నిలబడుతుంది. ఆ నీరు కాళ్ళకు దిగినంతగా భుజానికీ మోచేతికీ మధ్య చేరదు. అందుకే అక్కడ కొలుస్తాం.

మీ చీటీ లెక్క చూడండి. 0.8 సెం.మీ. మడతను 3.14తో గుణిస్తే 2.5. అది 21లోంచి తీసేస్తే 18.5. కొవ్వు పోగా కండ చుట్టుకొలత అది. మగవాళ్ళకు పాత ప్రమాణం 25.3. అది మన ఊళ్ళ మనుషుల ఒడ్డూ పొడుగూ చూసి కట్టింది కాదు కాబట్టి నేను అక్షరాలా పట్టుకోను. కానీ ఇంత తేడాను వదిలేయలేను. ఇలాంటప్పుడు నేను ఇంట్లోవాళ్ళనే అడుగుతాను: చొక్కా వదులైందా, ఉంగరం జారుతోందా? మీరూ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

1936లో స్టడ్లీ అనే అమెరికా సర్జన్ కడుపు పుండు ఆపరేషన్లను పరిశీలించారు. ముందే ఐదో వంతుకు మించి బరువు పోయినవాళ్ళలో మూడింట ఒకరు చనిపోయారు. మిగతావాళ్ళలో నూటికి నలుగురు కూడా లేరు. ఇప్పటి మత్తుమందులు, యాంటీబయాటిక్స్ వేరు. అయినా పేగు కుట్టు అతకాలంటే ప్రొటీన్ కావాల్సిందే. బాగా చిక్కిపోయిన రోగికి, గడ్డ క్యాన్సరే అయినా, 7 నుంచి 14 రోజులు పోషణ ఇచ్చి ఆపరేషన్ చేయడం నేటి పద్ధతి. మీ డాక్టర్లు సరిగ్గానే చెప్పారు.

అయితే రాగిజావ ఒక్కటే చాలదు. 30 గ్రాముల పిండిలో ప్రొటీన్ రెండు గ్రాములే. ఆయనకు రోజుకు 60 నుంచి 75 గ్రాములు కావాలి. గుడ్డుకు ఆరు, గ్లాసు పాలకు ఆరేడు వస్తాయి. పెసరపప్పు, పెరుగు, చేప కూడా పెట్టండి. ఒకేసారి పోగేయకుండా రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. చాలినంత తినలేకపోతే ప్రొటీన్ పౌడర్ రాయించుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ అంకెలు మారతాయి. పాదాల వాపుకు గుండె, కిడ్నీ కారణాలున్నాయేమో అడిగి తెలుసుకోండి. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినకపోతే ఇంట్లో మొదలుపెట్టొద్దు, ఆసుపత్రిలోనే మెల్లగా పెంచాలి.

రెండు వారాల్లో చెయ్యి లావెక్కుతుందని ఎదురుచూడకండి, కండ అంత త్వరగా రాదు. ఆయన పిడికిలి పట్టు, నడక, ఎంత తిన్నారన్నదే చూడండి. వాంతులు, కడుపు ఉబ్బరం, గాలి కూడా పోకపోవడం, మలంలో రక్తం కనిపిస్తే వాయిదా తేదీ చూడకుండా వెంటనే తిరుపతికి తీసుకెళ్ళండి.