నెల్లూరులో రోజూ తిరగడానికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు పనికొస్తుందా?

మాగుంట లేఔట్ నుంచి ముత్తుకూరుకు రోజూ పోయి రావడానికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ మేలా అని అడిగారు. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉన్న కారు. దాని బ్యాటరీని ఇంటి కరెంటుతో కూడా నింపుకోగలిగితే ప్లగ్-ఇన్. నాది ప్లగ్ లేని స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే కరెంటు తనే పుట్టించుకుని కాసేపు మోటారు మీదే నడవగలది. మూడేళ్లుగా నడుపుతున్నాను. ప్లగ్ ఉన్నది డాలస్‌లో మా తమ్ముడి దగ్గర చూశాను. తేడా అంతా బ్యాటరీలోనే ఉంది. నా బ్యాటరీలో ఒక్క యూనిట్ కరెంటు కూడా పట్టదు, 0.76 మాత్రమే. వాడి టొయోటా ర్యావ్4 ప్రైమ్‌లో 18 యూనిట్లు. రాత్రి మామూలు ప్లగ్గుకు తగిలిస్తే తెల్లారేసరికి నిండుతుంది. దాంతో 42 మైళ్లు, అంటే 67 కిలోమీటర్ల దాకా పెట్రోలు ముట్టదు.

నా కారుకు బ్రేకే ఒక ఛార్జర్. బ్రేకు తొక్కినా, యాక్సిలరేటర్ వదిలినా చక్రాల ఊపుతో మోటారు తిరిగి కరెంటు పుట్టి బ్యాటరీలోకి పోతుంది. గాంధీబొమ్మ సెంటర్ ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోతే లీటరుకు 24 ఇస్తుంది, ఒంగోలు హైవే మీద వందలో పోతే 20 దాటదు. ఇదేం తిరకాసు అనుకున్నా మొదట్లో. హైవేలో టోల్‌గేట్ దగ్గర తప్ప బ్రేకు తొక్కేదెక్కడ?

శ్రీశైలం నుంచి దోర్నాల ఘాట్ దిగుతుంటే ఇంకో వింత. కాసేపటికే బ్యాటరీ నిండిపోయి, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజన్ గుర్రుమంది. కారు చెడిపోయిందని మా ఆవిడ హడలిపోయింది. పుట్టిన కరెంటుకు చోటు లేక, పెట్రోలు పోయకుండానే ఇంజన్ని తిప్పి వేగానికి పగ్గం వేస్తుందట. పెద్ద బ్యాటరీ ఉంటే ఆ కరెంటంతా మిగిలేది కదా అనిపించింది. ఏప్రిల్‌లో బడి ముందు ఏసీ వేసుకుని కూర్చుంటే దీనికి తిరగేసి, చిన్న బ్యాటరీ కొద్దిసేపటికే తగ్గిపోయి, నింపడానికి ఇంజన్ దానంతటదే లేస్తుంది.

మీకు రానూపోనూ యాభై కిలోమీటర్ల లోపే కాబట్టి ప్లగ్-ఇన్ లెక్క సరిపోతుంది. కానీ మన దేశంలో అవి ఎక్కువగా లగ్జరీ కార్లలోనే వచ్చాయి. పైగా రోజూ ప్లగ్ పెట్టకపోతే ఆ బ్యాటరీ బరువును పెట్రోలుతో మోయడమే. మీది సొంతిల్లయితే సరే. అపార్ట్‌మెంటయితే పార్కింగ్‌లోకి మీ మీటరు నుంచి వైరు లాగనిస్తారా అన్నది చూసుకోండి. మా సెల్లార్‌లో ఒకాయన ఎలక్ట్రిక్ కారు కొని, కామన్ మీటరు బిల్లు ఎవరు కట్టాలనే పంచాయితీలో ఇప్పటికీ నలుగుతున్నాడు. అది తేల్చుకున్నాకే షోరూముకు పోండి.