మందు సీసా కంటే ముందు బకెట్

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి "మామా, చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టుంది" అన్నప్పుడే నాకు సగం అర్థమైంది. వెనక పిల్లగాడు ఏడుస్తున్నాడు, ముందు నువ్వు గాబరా పడుతున్నావు. నేను చెప్పిందాంట్లో నీకు ఎంత ఎక్కిందో తెలియదు. అందుకే రాసి పంపుతున్నా. తొట్టి పక్కన గోడకు అంటించుకో.

నేనేం చేపల డాక్టర్‌ను కాదు. క్లాక్ టవర్ దగ్గర నా స్టూడియోలో 20 ఏళ్లకు పైగా తొట్టి ఉండేది కదా, దాని దగ్గర నేర్చుకున్నదే ఇదంతా. పాస్‌పోర్ట్ ఫోటోకని తెచ్చిన చంటిపిల్లలు ఏడుపు ఆపకపోతే ముందు దాని ఎదుట కూర్చోబెట్టేవాణ్ని. ఐదు నిమిషాల్లో నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవాళ్లు. ఆ తొట్టి నాకు ఫోటోలు తీసి పెట్టిందనే చెప్పాలి.

ముందు నీ దగ్గరున్న జబ్బు సంగతి. దాన్ని దుకాణం వాళ్లు ఇక్ అంటారు, తెల్లమచ్చల జబ్బు. నువ్వు పంపిన ఫోటోలో తోక మీద సరిగ్గా కనబడలేదు. ఈ రాత్రి లైటు ఆర్పేసి, ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి చూడు. ఉప్పు రవ్వలంత చుక్కలు విడివిడిగా ఉబ్బి కనబడితే, మధ్యమధ్యలో చేప గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటుంటే, అదే. దూది పింజలా మెత్తగా అంటుకుని ఉంటే అది వేరే, ఫంగస్.

ఆ చుక్కల్లో ఒక్కోదాని కింద ఒక్కో పురుగు ఉంటుంది. చేప చర్మం లోపల దాక్కుని తింటూ ఉంటుంది. అది లోపల ఉన్నన్నాళ్లూ ఏ మందూ దాన్ని తాకదు. బలిశాక రాలి అడుగున రాళ్ల సందుల్లో పడుతుంది, చుట్టూ గూడు కట్టుకుంటుంది, లోపల వందల పిల్లలవుతుంది. ఆ పిల్లలు బయటికొచ్చి ఈదుతూ చేప కోసం వెతుకుతాయి. రెండు రోజుల్లోపు దొరక్కపోతే చస్తాయి. ఉప్పు గానీ మందు గానీ పనిచేసేది అవి ఈదుతున్న ఆ కాస్త సమయంలోనే. ఇది తెలియకే అందరూ దెబ్బతింటారు. నాలుగో రోజుకు చుక్కలు మాయమవుతాయి, తగ్గిందనుకుని ఆపేస్తారు. నిజానికి పురుగులన్నీ అప్పుడు అడుగున పిల్లలు పెడుతుంటాయి. రెండో విడత వచ్చినప్పుడు మొప్పల్లోకి కూడా దిగుతాయి, ఇక చేప నిలబడదు. చుక్కలు పోయాక కూడా కనీసం వారం, మొత్తం మీద రెండు వారాలు వదలకు.

ఇక చేయాల్సింది. నీ తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అన్నావు. లెక్కకు దాదాపు 57 లీటర్లు వస్తుంది కానీ, అడుగున రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే 45 లీటర్ల నీళ్లు ఉంటాయి. లీటరుకు 2 గ్రాముల చొప్పున 90 గ్రాముల దొడ్డుప్పు కావాలి. కంటితో అంచనా వేయకు, కిరాణంలో తూయించుకో. దాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని తొట్టి నీళ్లలోనే ఒక మగ్గులో పూర్తిగా కరిగించి, పూటకొకటి చొప్పున నెమ్మదిగా పొయ్యి. ఉప్పు రాళ్లను నేరుగా వేస్తే చేప ఒంటికి తగిలి కాలినట్టవుతుంది.

ఒక మాట గుర్తుంచుకో, ఉప్పు ఆవిరైపోదు. నీళ్లు ఇంకిపోయి పైన పోస్తున్నప్పుడు ఉప్పు కలపొద్దు. నీళ్లు తీసి కొత్తవి పోసినప్పుడు మాత్రం, పోసిన నీళ్లకు సరిపడా కలుపు. ఈ రెండు వారాలూ రోజూ పైపుతో అడుగున రాళ్ల మధ్య మురికి లాగుతూ ఒక 12 లీటర్ల బకెట్ తీసెయ్యి, 24 గ్రాముల ఉప్పు కలిపిన కొత్త బకెట్ పొయ్యి. ఆ మురికితో పాటు గూడు కట్టుకున్న పురుగులు కూడా పోతాయి. పైపును నోటితో పీల్చకు. ముందు పైపు నిండా నీళ్లు నింపి, బొటనవేలు అడ్డం పెట్టి దించితే అదే పారుతుంది. నేను రెండుసార్లు మింగాక నేర్చుకున్నా.

నీ గోల్డ్‌ఫిష్‌లకు, మోలీలకు ఈ ఉప్పుతో ఇబ్బంది లేదు. మోలీలకైతే పండగే. పాచి తింటుందని ఇచ్చిన ఆ సక్కర్ చేప మీద ఒక కన్నేసి ఉంచు, మొప్పలు గబగబా ఆడిస్తుంటే సగం నీళ్లు మార్చి ఉప్పు తగ్గించు. నీళ్లలో మొక్కలుంటే తీసి వేరే బకెట్‌లో పెట్టు. నాలుగైదు రోజులైనా చుక్కలు పెరుగుతూనే ఉంటే అప్పుడు దుకాణంలో తెల్లమచ్చల మందు తెచ్చుకో. సాధారణంగా అందులో మాలకైట్ గ్రీన్ అనే రంగు మందు ఉంటుంది. చేతికి గ్లౌజు వేసుకో, పిల్లగాడికి అందనివ్వకు, ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసెయ్యి. లేకపోతే మందునంతా అదే పీల్చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఈ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడిగావు. పిల్లగాడి పుట్టినరోజుకు తొట్టి కొన్న పది రోజుల తర్వాత రెండు మోలీలు కొత్తగా తెచ్చి వేశామన్నావు. పురుగు వాటితో వచ్చి ఉంటుంది. కానీ అది ఇంత బలపడటానికి కారణం వేరే. తొట్టిని మీ ఏసీ గదిలో పెట్టారు. రాత్రంతా చల్లబడుతుంది, పొద్దున ఏసీ ఆపగానే కిటికీ ఎండకు వేడెక్కుతుంది. మనిషికే ఒళ్లు నొప్పులొస్తాయి, చేపకు రాకుండా ఉంటుందా? ఇవాళే దాన్ని ఎండ పడని, ఏసీ లేని గోడకు మార్చు. కదిలించే ముందు మూడొంతుల నీళ్లు తీసి బకెట్లలో పెట్టుకో, నిండుగా ఎత్తితే అద్దం పగులుతుంది.

నా కంటి లెక్క ఒకటి చెప్తా. తొట్టిలో ఒక్క చేపకే బాగోలేకపోతే చేపను చూడు. అన్నీ ఒకేసారి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే జబ్బు చేపలకు కాదు, నీళ్లకు. పైకొచ్చిన చేపను చూసి మందు పోసేవాళ్లను ఎంతమందిని చూశానో. అప్పటికప్పుడు కావాల్సింది బకెట్ కొత్త నీళ్లు, గాలి.

నీళ్లకు జబ్బేంటంటే, చేప వదిలే అమ్మోనియా. ఎక్కువ భాగం మొప్పల నుంచే వస్తుంది. కంటికి కనబడదు, వాసన తెలియదు, నీళ్లు అద్దంలా ఉన్నా లోపల విషం ఉండొచ్చు. దాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజీలో, రాళ్ల మీద కాపురం పెడుతుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, అది కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, దాంతో పెద్దగా భయం లేదు, వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు. ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీవాళ్లు తొట్టి కొన్న సాయంత్రమే చేపలన్నీ వేసేశారు. తప్పు మీది కాదు, అమ్మినవాడు చెప్పలేదు. పైగా మన దిక్కు బోరు నీళ్లు చాలాచోట్ల లవణాలు ఎక్కువున్న గరుకు నీళ్లు, పీహెచ్ (నీళ్ల క్షారగుణం కొలత) ఎక్కువ. పీహెచ్, వేడి రెండూ పెరిగితే అదే అమ్మోనియా ఇంకా ఎక్కువ కాటేస్తుంది. ఎండాకాలం కొత్త తొట్టి పెట్టిన ఇంట్లో ఎందుకు చేపలు నిలబడవో అర్థమైందా?

దీపావళికి ఒకసారి షాపు కడిగిస్తూ నేనే స్పాంజీని నల్లా కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. ఎంత శుభ్రంగా ఉందోనని మురిసిపోయాను కూడా. మూడో రోజు పొద్దున షట్టర్ లేపేసరికి చేపలన్నీ పైన వరసగా నిలబడి గాలి మింగుతున్నాయి. మధ్యాహ్నానికి 11 పోయాయి. నల్లా నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియానంతా చంపేసింది, మురికి పోయిందనుకుంటే కాపురమే పోయింది. అప్పట్నుంచి స్పాంజీని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండుతా. గోధుమరంగు జిగురు కొంచెం ఉండాల్సిందే.

నల్లా నీళ్లయితే వెడల్పాటి గంజులో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. తొందరగా కావాలంటే దుకాణంలో అమ్మే క్లోరిన్ విరుగుడు పలుకులు తెచ్చుకో. అది కొత్త మందేం కాదు, నా డార్క్‌రూంలో ఫోటోలు నిలబెట్టడానికి వాడిన హైపోనే, సోడియం థయోసల్ఫేట్. 20 లీటర్ల బకెట్‌కు రెండు కందిగింజలంత చాలు. (స్టూడియోలో మిగిలిన ఫిక్సర్ పొడి ఉందా మామా అని అడగకు. అందులో వేరే రసాయనాలు కలుస్తాయి, చేపలకు పనికిరాదు.) బోరు నీళ్లలో క్లోరిన్ బెడద లేదు కానీ, భూమిలోంచి వచ్చిన నీళ్లలో గాలి తక్కువ, వాటిని కూడా కాసేపు ఎత్తిపోసి వాడు. ఫ్లోరైడ్‌కు పేరుపడ్డ జిల్లా మాది, బోరు నీళ్లంటేనే నాకు గుబులు. అయినా నా గోల్డ్‌ఫిష్‌లు ఆ నీళ్లలోనే ఏళ్లకేళ్లు బతికాయి. ఏ నీళ్లయినా ఒకదానికే కట్టుబడు, ఈ వారం బోరు, వచ్చే వారం నల్లా అంటే చేపలు తట్టుకోలేవు. వాటర్ క్యాన్ నీళ్లు మంచివనుకుని అవే నింపకు, అందులో లవణాలు తీసేసి ఉంటారు.

మేడ మీద మీ ఇల్లు, ముందున్నది మే నెల. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు మాత్రం ఎక్కువ కావాల్సి వస్తుంది. గోల్డ్‌ఫిష్ అసలే చల్లని నీళ్ల చేప. పైమూత తీసి, జాలి పెట్టి, టేబుల్ ఫ్యాన్ నీళ్ల మీదుగా తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు వేయకు, కావాలంటే మూత బిగించిన ఐసు సీసా తేలేసి పది నిమిషాలకు తీసెయ్యి. కరెంటు పోయినప్పుడు మేత వేయొద్దు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకో, అది లేనప్పుడు పిల్లగాడికి మగ్గు ఇచ్చి నీళ్లు ఎత్తి పోయమను. వాడికి సంబరం, వాటికి ఊపిరి. మూడు నాలుగు గంటలకు మించి కరెంటు లేకపోతే, వచ్చాక ఫిల్టర్ తిప్పే ముందు స్పాంజీని తొట్టి నీళ్లలో పిండు. గాలి ఆడక లోపల కుళ్లిందంతా లేకపోతే ఒక్కసారి తొట్టిలోకి వస్తుంది.

మేత సంగతి మీ అత్తయ్యకు నువ్వే సర్దిచెప్పాలి. పాపం ఆకలేస్తోందని పూటపూటకూ వేస్తే మిగిలిందంతా అమ్మోనియానే. రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకోసారి, వారంలో ఒక రోజు పస్తు. గోల్డ్‌ఫిష్‌కు మనలా కడుపు సంచి ఉండదు, పేగు ఒక్కటే. అందుకే ఎక్కువ తిని, గాలి మింగి, పక్కకు ఒరిగి తేలుతుంటుంది. అలా అయితే రెండు రోజులు ఏమీ పెట్టకు, మూడో రోజు ఉడికించిన పచ్చి బఠానీ తొక్క తీసి నలిపి పెట్టు. చాలాసార్లు సర్దుకుంటుంది.

రెక్కల అంచులు చిరిగి తెల్లబడితే నీళ్లు బాగా మార్చు, వారంలో కొత్త అంచు వస్తుంది, రాకపోతే మందు. ఒళ్లంతా ఉబ్బి పొలుసులు పైకి లేచి నిలబడితే మాత్రం నాకు ఒక్కటి కూడా బతికిన గుర్తు లేదు. దాన్ని వేరే టబ్బులో పెట్టి ప్రశాంతంగా ఉండనివ్వు, పిల్లగాడికి అబద్ధం చెప్పకు. ఎర్ర క్యాప్సూల్, అంటే యాంటీబయాటిక్, విప్పి తొట్టిలో చల్లే సలహా ఎవరైనా ఇస్తే వినకు. అది జబ్బును చూసి కొట్టదు, స్పాంజీలోని మంచి బ్యాక్టీరియానూ కొడుతుంది.

ఇకనుంచి కొత్త చేప ఏది తెచ్చినా మూడు వారాలు విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బులో ఉంచాకే పెద్ద తొట్టిలోకి. దుకాణం కవరును పావుగంట తొట్టిలో తేలేసి, చేపను మాత్రం చిన్న వలతో తీసుకో, ఆ కవరు నీళ్లు పారబొయ్యి. నిజానికి నీ తొట్టికి ఇప్పుడున్న చేపలే ఎక్కువ. ముఖ్యంగా ఆ సక్కర్. పాచి తింటుందని అంటగట్టారు గానీ, అది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక పాపమని తీసుకెళ్లి మీ పెద్ద చెరువులో వదలొద్దు, ఒట్టు. అలా వదిలినవే ఇప్పుడు దయ్యం చేపలై చెరువుల్లో జాలరుల వలలు చింపుతున్నాయి. జబ్బు తగ్గాక దుకాణానికే తిరిగి ఇచ్చెయ్యి, డబ్బులు అడగకు.

ఆదివారం నేనే వస్తున్నా. ఇప్పుడు నా దగ్గరున్న తొట్టిలో ఏడాదిగా కొత్త చేప పడలేదు, జబ్బూ లేదు. అందులోంచి నల్లబడ్డ స్పాంజీ ఒకటి కోసి, తొట్టి నీళ్లతో సహా టిఫిన్ డబ్బాలో తెస్తా. నీ ఫిల్టర్‌లో పెడితే ఆరు వారాల కాపురం సగం దారిలో మొదలైనట్టే. జడ్చర్ల దాటాక ఫోన్ చేస్తా. డబ్బా చూసి కూర పాడైందనుకుని ఎవరూ సింక్‌లో పోయకుండా చూడు.

మీ మామ
నల్గొండ