జేడ్ మొక్క ఆకులు రాలుతుంటే ముందు నీళ్ళు ఆపు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. చెయ్యి తగిలితే చాలు ఆకులు రాలిపోతున్నాయని, వాడినట్టు కనిపిస్తుంటే రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తున్నానని రాశావు. ముందు ఆ నీళ్ళు ఆపు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. టెన్షన్ పడకు, కొమ్మల చివర్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

రాలిన ఆకుని చేతిలోకి తీసుకుని చూడు. పసుపు తిరిగి, నీళ్ళు నిండినట్టు అద్దంలా మెరుస్తూ, నొక్కితే చితికిపోతే నీళ్ళు ఎక్కువైనట్టు. పల్చబడి ముడతలు పడితే, మట్టి కూడా ఎండిపోయి ఉంటే, నీళ్ళు చాలనట్టు. అడుగున పాత ఆకు ఒకటో రెండో ఎండి రాలడం మామూలే. పచ్చగా ఉన్న ఆకులే ఉన్నట్టుండి రాలితే మాత్రం మొక్క చోటు మారిందేమో, వెలుతురు తగ్గిందేమో ఆలోచించాలి.

చాలామంది మోసపోయేది ముడతల దగ్గరే. మట్టి తడిగా ఉండి కూడా ఆకు ముడతలు పడిందంటే వేళ్ళు కుళ్ళాయని అనుమానించాలి. వేరు పోయాక కుండీలో ఎన్ని నీళ్ళున్నా పైకి ఎక్కవు. పాపం దాహం వేసిందేమో అని మనం ఇంకా పోస్తాం, ఆ మిగిలిన వేరు కూడా పోతుంది. నీ మొక్కకి జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె తీసి కుండీ అడుగు తగిలేదాకా గుచ్చి, ఐదు నిమిషాలాగి లాగు. పైన మట్టి పొడిగా కనిపించినా, ఈనె కొసకి తడి మట్టి అంటుకుని వస్తే నీళ్ళ అవసరం లేదు. ఇక ముందు కూడా ఈనె పొడిగా వచ్చాకే నీళ్ళు పొయ్యి. తేదీలు చూసి పొయ్యకు.

జేడ్ పుట్టిల్లు దక్షిణాఫ్రికా. వానల్లేని రోజుల కోసం నీళ్ళు ఆకుల్లోనే దాచుకుంటుంది. పగలు నీళ్ళు ఆవిరైపోకుండా ఆకు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రిపూట తెరుస్తుంది. మన గోదావరి జిల్లాల్లో ముసురు పట్టిందంటే రాత్రీ పగలూ గాల్లో చెమ్మే, కుండీ వారం గడిచినా ఆరదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన డెల్టా చేతులకి వరి, అరటి, కొబ్బరి తడపడమే అలవాటు. ఆ చేత్తోనే జేడ్‌కీ పోస్తే అది తట్టుకోలేదు.

ఇంకో సంగతి. కడియం నర్సరీ నుంచి తెచ్చినప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న కొబ్బరి పొట్టు అలాగే ఉంచి, చుట్టూ కాలవగట్టు నల్లమట్టి వేశానన్నావు. ఆ పొట్టు నీళ్ళు పట్టి ఉంచుతుంది, నల్లమట్టి వాటిని బయటికి పోనివ్వదు. పైగా ఆ పింగాణీ కుండీకి కింద చిల్లు ఉన్నట్టు లేదు.

కాబట్టి ఇవాళే మొక్కని బయటికి తియ్యి. కాండం పట్టుకుని లాగకు. కుండీని పక్కకి పడుకోబెట్టి, నెమ్మదిగా తట్టి, వేర్లని అంటిపెట్టుకున్న పొట్టుని చేతి వేళ్ళతోనే విడదియ్యి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి గట్టిగా ఉంటుంది. కుళ్ళింది నల్లగా జిగురుగా ఉంటుంది, వాసన వేస్తుంది, లాగితే పైతొక్క ఊడి లోపల దారం లాంటిదే మిగులుతుంది. కొత్త బ్లేడుని స్పిరిట్‌తో తుడిచి, కుళ్ళిందంతా కోసెయ్యి. కాండం మొదలు మెత్తబడితే, కోసిన చోట గోధుమరంగు మచ్చ కనిపించనంత వరకు పైకి కోస్తూ పో. ఇక్కడ జాలి పడకూడదు. చిన్న మచ్చ వదిలేసినా మళ్ళీ అక్కణ్ణుంచే మొదలవుతుంది. తర్వాత నీడలో, గాలి ఆడే చోట కాగితం మీద పెట్టి ఆరనివ్వు. ఈ చెమ్మకి వారం పట్టినా కంగారు పడకు. కోసిన చోట గట్టి పొర కట్టాకే పాతాలి.

మట్టి ఇలా కలుపు: ముతక గోదావరి ఇసుక రెండు పాళ్ళు, చింతగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి ఒక పాలు. ఇసుక జల్లించి, మెత్తటిది పారేసి జల్లెడలో మిగిలింది వాడు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుంటుంది. కింద చిల్లున్న మట్టి కుండీ అయితే గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. పాతిన వారం దాకా చుక్క నీళ్ళు పొయ్యకు, కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు వెయ్యకు.

మీ ఊరు తీరం పక్కన కదా, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అవి వద్దు. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే ఉప్పు పేరుకున్నట్టే. వాననీళ్ళు పట్టి ఉంచుకో.

ఆకు కాండంతో కలిసే సందుల్లో దూదిలాంటి తెల్లటిది ఉందేమో కూడా వెతుకు. అది పిండినల్లి అనే పురుగు. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచెయ్యి. తర్వాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టు. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

కుండీని వాన జల్లు పడని, పొద్దుటి ఎండ తగిలే అరుగు మీద పెట్టు. రోహిణి కార్తె ఎండకి మాత్రం నీడలోకి జరుపు. రాలిన ఆకుల్లో గట్టిగా ఉన్నవి పారెయ్యకు. రెండు రోజులు ఆరనిచ్చి ఇసుక మీద పడుకోబెడితే కొన్నాళ్ళకి వేర్లు పోస్తాయి. తల్లి మొక్క దక్కకపోయినా పిల్లలు మిగులుతాయి.

మొక్కని బయటికి తీశాక, బ్లేడు పట్టుకునే ముందు వేళ్ళని దగ్గరగా ఫోటో తీసి పంపు. ఎక్కడిదాకా కొయ్యాలో గీత గీసి చెబుతాను.

మీ పెద్దమ్మ