లెక్క మొదలుపెట్టే ముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. సంస్థలకి సలహాలిచ్చే కన్సల్టింగ్ ఉద్యోగం ఇంటర్వ్యూకి నీకు పిలుపు వచ్చిందట, ప్రభుత్వ విద్య మీద కేసు, అంటే అక్కడికక్కడే విప్పి జవాబు చెప్పాల్సిన సమస్య, ఇస్తారని నువ్వు అనుకుంటున్నావట. చెబుతున్నప్పుడు వాడి గొంతు పొంగిపోతోంది. నాకూ గుండె నిండింది. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నువ్వు నెగ్గవేమోనని కాదురా. నెగ్గుతావు. నెగ్గాక నేను చేసిన పనే నువ్వూ చేస్తావేమోనని. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. తెల్ల కాగితాలు, రెండు పెన్నులు దగ్గర పెట్టుకో. ముందురోజు కొత్త కేసు ముట్టుకోకుండా నిద్రపో. సాధన గొంతు విప్పి చెయ్యి, మనసులో చేసిన సాధన ఆ గదిలో అక్కరకు రాదు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకో. అప్పుడప్పుడు నువ్వే ఇంటర్వ్యూ చేసేవాడివై వాళ్లకి కేసు ఇవ్వు. ఎదుటివాళ్లు ఎక్కడ తొందరపడ్డారో చూస్తే నీ తొందర నీకు తెలుస్తుంది. గుణకారాలు, శాతాలు నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయం. కంపెనీ కేసులో ఆదాయం ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసి మొదలుపెడతావు. బడి కేసులో ఆ గీత గీశావంటే తప్పు దారి పట్టినట్టే. ఇక్కడ లాభం లేదు. అడిగేవాళ్లు 'విద్యను మెరుగుపరచాలి' అంటారు. ఏది మెరుగుపడాలి? పిల్లలు రోజూ రావడమా, వచ్చినవాళ్లు చదవడం నేర్చుకోవడమా, మధ్యలో మానేసేవాళ్లు తగ్గడమా, ఉన్నవాళ్ల పిల్లలకీ లేనివాళ్ల పిల్లలకీ మధ్య తేడా తగ్గడమా, డబ్బు మిగలడమా? ఇవన్నీ ఒక వైపే నడవవు. మానేసిన పిల్లల్ని బడికి తెస్తే పరీక్షల సగటు మార్కు పడిపోవచ్చు. అది వైఫల్యం కాదు, మంచి పని జరిగిందనడానికి గుర్తు. తిప్పి చూడు: చదువులో వెనకబడ్డవాళ్లు చడీచప్పుడు లేకుండా మానేస్తే సగటు పెరుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

దేశాల పోలికకి పీసా అంకెలు నీ ముందు పెట్టవచ్చు. ఓఈసీడీ అనే దేశాల కూటమి 2000 నుంచి నడుపుతున్న పరీక్ష అది, 15 ఏళ్ల పిల్లలకి పెడతారు. కానీ బడిలో ఉన్న 15 ఏళ్లవాళ్లకి మాత్రమే. ఆ వయసుకి ఎంతమంది బడి బయట ఉన్నారో అడగకుండా రెండు దేశాల్ని పక్కపక్కన పెట్టకు. అలాగే 'పిల్లలు' అనే మాట వినగానే, పేర్లు నమోదైన పిల్లలా, ఆ రోజు బెంచీ మీద కూర్చున్న పిల్లలా అని అడుగు. రెండూ ఒకటి కావు.

తరగతి పరిమాణం తగ్గించే కేసు తప్పకుండా సాధన చెయ్యి, అందులో చాలామంది జారతారు. తరగతికి 30 మంది నుంచి 20కి తగ్గించాలంటే ఎంతమంది టీచర్లు ఎక్కువ కావాలి? పిల్లలు మూడో వంతు తగ్గారు కదా అని మూడో వంతు అనేస్తారు. 300 మంది పిల్లల్ని తీసుకుని చెయ్యి. పది తరగతులు పదిహేనవుతాయి. సగం ఎక్కువ. టీచర్లే కాదు, గదులు కూడా. బడి ఖర్చులో పెద్ద భాగం జీతాలే కాబట్టి ఆ సగం ఎంత బరువో నువ్వే లెక్కగట్టు.

పైగా అంకె సరిగ్గా వచ్చినంత మాత్రాన సలహా సరైనది కాదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో స్టార్ అనే ప్రయోగం మొదలైంది. చిన్న పిల్లల్ని చీట్లు తీసినట్టు 13 నుంచి 17 మంది ఉన్న తరగతులకీ, 22 నుంచి 25 మంది ఉన్న తరగతులకీ పంచారు. చిన్న తరగతుల పిల్లలు బాగా నేర్చుకున్నారు. 1996లో కాలిఫోర్నియా తన రాష్ట్రమంతటా కింది తరగతుల్లో పిల్లల సంఖ్యని 20కి తగ్గించడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా అన్ని బళ్లకీ టీచర్లు కావాలంటే ఎక్కడినుంచి వస్తారు? పూర్తి అర్హత లేనివాళ్లని తీసుకున్నారు. పేద పిల్లల బళ్లలో ఆ లోటు ఎక్కువగా పడింది. ప్రయోగంలో నిజమైనది అమలులో అలాగే నిలుస్తుందా అని నీ జవాబులో ఒక్క వాక్యం ఉండాలి. ఆ వాక్యం చెప్పే అభ్యర్థులు నాకు ఎప్పుడూ నచ్చేవాళ్లు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను కన్సల్టింగ్ ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగేళ్లయింది. ప్రభుత్వ బళ్ల మీద ఒక పని వచ్చింది. టీచర్ల కొరత ఉందా, మిగులు ఉందా తేల్చమన్నారు. అప్పుడు నేను నీలాగే ఉండేదాన్ని. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే నా చేతిలో పెన్ను కదిలేది. మొత్తం పిల్లల్ని మొత్తం టీచర్లతో భాగించాను. ఒక టీచరుకి 25 మంది వచ్చింది. నిబంధన 30. కాబట్టి మిగులు ఉంది. స్లైడు మీద పెద్ద అక్షరాలతో రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదన్నారు.

ఆ 25 లోపల ఏముందో చిన్న లెక్కగా చెప్తాను, కాగితం మీద వేసి చూడు. పది బళ్లు అనుకో. ఎనిమిది చిన్నవి, ఒక్కోదాంట్లో 20 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. రెండు పెద్దవి, ఒక్కోదాంట్లో 220 మంది, నలుగురు టీచర్లు. మొత్తం 600 మంది పిల్లలు, 24 మంది టీచర్లు. సగటు 25. ముప్పైకి ఒకరు చాలనుకుంటే 20 మందే కావాలి, నలుగురు మిగులు. లెక్కలో తప్పు లేదు. కానీ 25 మందికి ఒక టీచరు ఉన్న బడి ఆ పదింటిలో ఒక్కటి కూడా లేదు. 600 మందిలో 440 మంది, అంటే దాదాపు ముప్పావు వంతు పిల్లలు, ఒక టీచరుకి 55 మంది ఉన్న బళ్లలో ఇరుక్కుని కూర్చున్నారు. మిగతా చోట ఒక టీచరుకి పదిమందే, కానీ ఆ ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకోవాలి.

ఆ మిగులుని ఎక్కడినుంచి తీశారో ఊహించగలవు. చిన్న బళ్లనుంచి. పెద్ద బళ్లకి పంపారా అంటే అదీ లేదు, మిగులన్నాం కదా, ఆ పోస్టులే రద్దుచేశారు. చిన్న బళ్లు చాలావరకు ఒక్క టీచరు మీద పడ్డాయి.

ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద ఆ వైపు వెళ్లి, దారిలో కనిపించిన ఒక చిన్న బడి దగ్గర ఆగాను. తలుపుకి తాళం. అది సెలవు రోజు కాదు. ఉన్న ఒక్క టీచరమ్మకీ జ్వరం వచ్చిందట. అరుగు మీద పన్నెండు మంది పిల్లలు సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంటికి వెళ్లిపోలేదు, ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నారు. నన్ను చూసి ఒక పిల్ల లేచి నిలబడింది. ఏడెనిమిదేళ్లుంటాయి. "మీరు కొత్త టీచరా?" అని అడిగింది.

కాదన్నాను. ఆ పిల్ల మళ్లీ కూర్చుంది. అంతకంటే ఏం మాట్లాడలేకపోయాను. తిరిగొచ్చి నా పై అధికారులకి ఉత్తరం రాశాను, సరిదిద్దమన్నాను. కొన్ని చోట్ల రెండో టీచర్ని వేశారు, కొన్ని చోట్ల వెయ్యలేదు. ఆ బడిలో వేశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను అడగాల్సింది ఒక్క ప్రశ్న: 'ఈ అంకె బడి బడికీ ఎలా ఉంది?' కేసు ఇచ్చేవాళ్ల దగ్గర చాలాసార్లు రెండో కాగితం ఉంటుంది, అందులో ఆ పంపకం ఉంటుంది. అడిగినవాళ్లకే ఇస్తారు. సగటు చేతికొచ్చిన ప్రతిసారీ ఆగు. బడివారీగా అడుగు, తరగతివారీగా అడుగు, సబ్జెక్టువారీగా అడుగు. మొత్తం మీద టీచర్లు చాలినంత ఉన్నా, లెక్కల టీచరు ఒక్కరూ లేని ఉన్నత పాఠశాలలు ఉంటాయి. ఆ తర్వాత నీ సిఫారసు చెప్పేటప్పుడు, ఇది అమలైన మర్నాడు పొద్దున ఒక పిల్లకి బడిలో ఏం మారుతుందో చెప్పు. చెప్పలేకపోతే ఆ సిఫారసు ఇంకా తయారు కాలేదు.

నిన్ను తిట్టాల్సిన చోటు కూడా ఇదే. నీ తొందర నాకు తెలియనిదా? ఐదేళ్లప్పుడు ఎక్కాలు అడిగితే నా నోట్లో ప్రశ్న సగం ఉండగానే జవాబు చెప్పేవాడివి. అందరూ నవ్వి ముద్దుపెట్టుకునేవాళ్లు, నేనూ పెట్టుకున్నాను. అప్పుడు ఆపాల్సింది. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం కావాలని అడిగితే ఇంటర్వ్యూలో ఎవరూ తక్కువగా చూడరు. ఏమీ మాట్లాడని ఆ నిమిషం నీకు భయం, అందుకే దాన్ని మాటలతో నింపేస్తావు. ప్రశ్న వినగానే దాన్ని నీ మాటల్లో వాళ్లకే తిరిగి చెప్పు, సరేనా అని అడుగు, తర్వాత నిమిషం తీసుకో. ఈ ఒక్కటీ రోజూ సాధన చెయ్యి. గడియారం పెట్టుకుని చెయ్యి.

ఇంత కఠినంగా రాస్తున్నానని బాధపడకు నాన్నా. ఆరో తరగతిలో నీ పక్కన కూర్చునే అబ్బాయికి భిన్నాలు రావడం లేదని నెల రోజులు ఆటలు మానుకుని వాడికి నేర్పావు. కాగితాన్ని మడిచి మడిచి చూపించేవాడివి. వాడు ఎక్కడ ఆగిపోతున్నాడో కనిపెట్టడానికి నీకు ఎంత ఓపిక ఉండేదో నేను వరండాలో కూర్చుని చూసేదాన్ని. ఆ పిల్లవాడు నీలోంచి ఎక్కడికీ పోలేదు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను కేసు ఇస్తాను, నలభై నిమిషాలు పూర్తిగా చేద్దాం. నా దగ్గర రెండో కాగితం ఉంటుంది.

మీ అత్త