టీ కణాలు కొవ్వుల్ని కూడా గుర్తుపడతాయా? టీబీ ల్యాబ్‌లో పనిచేసే వ్యక్తి జవాబు

టీ కణాలు (క్రిముల్ని గుర్తుపట్టి పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ప్రొటీన్ ముక్కల్నే గుర్తుపడతాయని ఇంటర్‌లో చదివాం, మరి క్రిమి ఒంటి మీదుండే కొవ్వుల సంగతేంటని అడిగారు. వాటినీ గుర్తుపడతాయి. నాకు బాగా తెలిసిన ఉదాహరణ టీబీ. చాలా ఏళ్లుగా కళ్లె పరీక్షలు చేస్తున్నాను కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

స్లైడు మీద కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, మరగనివ్వకుండా ఆవిరి వచ్చేదాకా కింద నుంచి వేడి చేస్తాం. కడిగాక 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే మిగతా వాటి ఎరుపంతా పోతుంది. చివర్లో మిథిలీన్ బ్లూ వేసి చూస్తే నీలం మధ్యలో సన్నటి ఎర్రని పుల్లల్లా టీబీ క్రిములు కనిపిస్తాయి. అంత యాసిడ్‌కీ వాటి రంగు పోకపోవడానికి ముఖ్య కారణం వాటి గోడలోని మైకోలిక్ యాసిడ్ అనే పొడవాటి మైనపు కొవ్వు.

మన టీ కణాలు పట్టుకునేదీ ఆ కొవ్వునే! 1994లో అమెరికాలో మైకేల్ బ్రెన్నర్ బృందం దీన్ని చూపించింది. ప్రొటీన్ ముక్కల్ని హెచ్ఎల్ఏ అణువులు మోసుకొచ్చి చూపిస్తే, కొవ్వుల్ని చూపించే పని సీడీ1 అనే వేరే కుటుంబానిది. మైకోలిక్ యాసిడ్‌ను చూపించేది అందులోని సీడీ1బీ. దీని లోపల నీరంటే పడని లోతైన సొరంగాలు ఉంటాయి. నాటిన నారు వేళ్లు బురదలోకి దిగి కొస పైకి కనిపించినట్టు, కొవ్వు తోకలు ఆ సొరంగాల్లోకి దూరిపోయి, తల భాగం బయట ఉంటుంది. టీ కణం తడిమి చూసేది ఆ తలనే. ఈ ఎక్కింపు ఎక్కువగా కణం లోపలి లైసోజోముల్లో (పదార్థాల్ని అరిగించే చిన్న సంచుల్లో), ఆమ్లం ఉన్నచోట జరుగుతుంది.

నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఇంకొకటుంది. హెచ్ఎల్ఏ మనిషికీ మనిషికీ మారుతుంది, అందుకే కిడ్నీ మార్పిడికి అంత మ్యాచింగ్ చూస్తారు. సీడీ1 మాత్రం దాదాపు అందరిలో ఒకేలా ఉంటుంది. పైగా క్రిమి ప్రొటీన్‌ను కొంచెం మార్చుకున్నంత తేలిగ్గా తన గోడను మార్చుకోలేదు. అందుకే కొవ్వులతో టీబీ టీకా ఆలోచన మీద ఇంకా గట్టిగా పని జరగాలని నా అభిప్రాయం. ల్యాబ్ ఎలుకల్లో సీడీ1బీ అసలు లేదు, ఉన్నది సీడీ1డీ ఒక్కటే. మామూలు ఎలుకల మీద ఎన్ని టీకాలు పరీక్షించినా ఈ దారి కనిపించదు. గినీపిగ్స్‌లో అయితే సీడీ1బీ రకాలు ఉన్నాయి.

మన ఒంట్లోని కొవ్వుల మీదకీ టీ కణాలు ఎగబడవా అనే సందేహం కూడా రావచ్చు. మామూలు రోజుల్లో సీడీ1 అణువులు మోసేది మన సొంత కణాల కొవ్వులనే. వాటిని చూసి టీ కణాలు చాలావరకు ఊరుకుంటాయి. సోరియాసిస్ లాంటి కొన్ని చర్మ వ్యాధుల్లో మాత్రం ఈ సంయమనం తప్పుతున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. అక్కడ పాత్ర సీడీ1ఏది.